గోడవతలి చప్పుడు

"గట్టిగ బిగియ్యకు ఫరూఖూ!"

డాబా మీద పాత ఏసీ మిషన్‌కు బోల్టు బిగిస్తున్న ఫరూఖ్ తలెత్తాడు. పక్క గదిలో ఒంటరిగా అద్దెకుండే లసుమవ్వ గడపలో నిలబడి ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆ ఏసీ కింది బట్టల దుకాణానిది; అది మూసి ఉండటంతో సేటు ఇవాళ ఈ పని చెప్పాడు.

"ఇది లడలడ కొట్టుకుంటుంటె నీకు తిప్పలైతుందనే గదా అవ్వా, సేటు నన్ను పంపింది?"

"నేనన్ననా? బట్ట నేసే సాంచాల సప్పుడులనే బతికిన. మీ తాత పోయినంక సాంచాలమ్మిన. గీ గోడకు ఒరిగి కూసుంటె అవుతల ఇది కొట్టుకుంటది. ఇంట్ల ఎవలో ఉన్నట్టుంటది."

ఫరూఖ్ చేతిలో పానా ఆగిపోయింది.

"వదులుగ ఇడిస్తె కింద పడ్తది అవ్వా. రోడ్డు మీద రోజు ర్యాలీలు పోతున్నయి."

"అయితె బిగియ్యి కొడుకా." ఆమె ముఖం తిప్పుకుంది.

అతను బోల్టులన్నీ బిగించాడు. అదురు ఆపడానికి మిషన్ కాళ్ల కింద పెట్టాల్సిన రబ్బరు ముక్కల్ని మాత్రం సంచిలోనే ఉంచేశాడు.

"ఇగ పడదు అవ్వా. దుకాణం తెరిస్తె నీ గోడకు సప్పుడు అస్తది."

"సమ్మె అయిపోయేదాంక ఎట్ల మరి?"

ఫరూఖ్ భుజానికెత్తుకున్న సంచిని మళ్లీ దించి, గడప పక్కన కూర్చున్నాడు.

"జరంత చాయ్ పొయ్యి అవ్వా. తాత ఎసొంటోడో చెప్పు, నేనింట."

లసుమవ్వ స్టవ్వు దగ్గరికి పోతూ పోతూనే మొదలుపెట్టింది.