అదే లింకు

"కీర్తిశేషులు ఏమైందండీ, సాయిబాబు గారూ?"

ఫోన్లో ఉమాశంకర్. బందరులో కొత్తగా డీటీపీ సెంటరు పెట్టుకున్న కుర్రాడు. శుభలేఖలు అక్కడ తయారుచేసి, అచ్చుకు గుడివాడలోని నరసింహం గారి ప్రెస్సుకు పంపుతాడు. ఆ ఫైళ్లు దించుకుని, ప్లేటు చేయించి, మిషన్ ఎక్కించేది సాయిబాబు.

"ఏ కీర్తిశేషులు?" అన్నాడు సాయిబాబు. తెలియక కాదు.

"పాలకాయతిప్ప పెళ్లి కార్డండీ. పెళ్లికూతురి తండ్రి పేరు ముందు కీ.శే. ఉండాలి కదా! కట్ట ఇప్పుడే బస్సులో వచ్చింది. విప్పి చూస్తే ఉత్త నాంచారయ్య అని ఉంది."

"నేను దించుకున్నప్పుడు అలాగే ఉంది మరి."

పచ్చి అబద్ధం. ఎంత సులువుగా వచ్చిందో చూసి సాయిబాబే హడలిపోయాడు.

మొదట్లో ఉమాశంకర్ ఫైలును మెయిల్‌కే తగిలించి పంపేవాడు. వినాయకుడూ, అరటిచెట్లూ, సన్నాయిలూ కలిసి బరువెక్కి, ఆ మెయిల్ వెళ్లిన దారినే తిరిగొచ్చేది. తర్వాత తెలివి తెచ్చుకున్నాడు. ఫైలును నెట్‌లో ఒకచోట పెట్టి, మెయిల్లో దాని లింకు మాత్రం పంపుతున్నాడు. లింకు నొక్కితే ఫైలు దిగుతుంది. మార్పులేవైనా ఉంటే అక్కడున్న ఫైలే మార్చేస్తాడు, లింకు మాత్రం అదే. హాయిగా ఉంది. చిక్కల్లా ఒకటే. నిన్న అక్కడ ఏముందో ఇవాళ ఎవరూ చూపించలేరు.

ఆ చిక్కే సాయిబాబుకు కలిసొచ్చింది.

నిజానికి మొదటి ఫైల్లో కీ.శే. లేదు. పెళ్లికూతురి తల్లి వెంకటరత్నమ్మ పెట్టనివ్వలేదు. ఆమె మొగుడు నాంచారయ్య సముద్రం మీద వేటకు వెళ్లి తిరిగి రాలేదు. రేవులో తుపాను హెచ్చరిక జెండా ఎగరేసినా లెక్కచెయ్యకుండా, వద్దు మొర్రో అంటున్న బామ్మర్దిని ఎక్కించుకుని పడవ దించాడు. బామ్మర్ది శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నాంచారయ్య జాడ లేదు. కంటితో చూడని చావును కార్డులో ఎలా వేస్తారని ఆవిడ వాదన. ఇన్నేళ్లయినా బొట్టు తియ్యలేదు.

కులపెద్దలు ఒప్పుకోలేదు. "కార్డులో ఉన్నవాడు పీటల మీద ఏడని మగపెళ్లివారు అడిగితే ఏం చెబుతావమ్మా?" అన్నారు. ఆవిడ తలవంచింది. ఉమాశంకర్ ఫైలు మార్చి, ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"అదే లింకండీ. మళ్లీ దించుకోండి."

సాయిబాబు దించుకున్నాడు. తెర మీద ఆ రెండక్షరాలూ చూశాడు. మూసేసి, ముందు దించుకున్న పాత ఫైలునే ప్లేటుకిచ్చాడు.

ఇప్పుడు సాయిబాబు చేతిలోని ఆ ఫోన్ నరసింహం గారు అందుకుని స్పీకర్లో పెట్టారు.

"మా సాయిబాబు అబద్ధమాడే రకం కాదబ్బాయ్. పొట్ట చేత్తో పట్టుకుని వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. మళ్లీ అచ్చెయ్యాలంటే ఖర్చు నువ్వే పెట్టుకోవాలి."

"అంతేనండీ. మార్చాననుకుని మార్చలేదేమో. తప్పు నాదేనండీ," అన్నాడు ఉమాశంకర్.

తిట్టినా బాగుండేది. ఆ మాట సాయిబాబును కోసేసింది. మధ్యాహ్నం నరసింహం గారింటి నుంచి చేపల పులుసు వచ్చింది. సాయిబాబు చేపలు ముట్టడని ఆయనకు తెలుసు, పప్పు విడిగా పంపించారు. ఆ పప్పన్నం కూడా సగంలోనే వదిలేశాడు. చేసిన తప్పు చాలక, దాన్ని తీసుకెళ్లి ఏ పాపమూ ఎరుగని కుర్రాడి నెత్తిన పెట్టాడు. ఇక ఆగలేక, నిజం చెప్పేద్దామని చెయ్యి కడుక్కుని లేచాడు.

వాకిట్లో ఆటో ఆగింది. ఉమాశంకర్ దిగాడు. వెనకే కార్డుల కట్ట పట్టుకుని వెంకటరత్నమ్మ దిగింది.

సాయిబాబు మిషన్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

"పిన్నిగారూ, మళ్లీ వేయించి ఇస్తానంటున్నాను కదండీ," ఉమాశంకర్ బతిమాలుతున్నాడు.

"వద్దు నాయనా. ఆ మాట చెప్పడానికే వచ్చాను." ఆవిడ నరసింహం గారి వైపు తిరిగింది. "పెద్దోళ్లకి ఎదురు చెప్పలేక సరేనన్నాను బాబుగారూ. మూడు రోజులు నిద్రపట్టలేదు. కట్ట విప్పితే కీ.శే. లేదు! ఇయ్యే పంచుతాను. ఎవరన్నా అడిగితే ప్రెస్సోళ్ల తప్పని చెబుతాను, ఏమనుకోకండి."

నరసింహం గారు నవ్వేశారు. "అలాగే చెప్పమ్మా."

"తమ్ముణ్ణి తీసుకెళ్లి పొట్టన పెట్టుకున్నాడని ఊరంతా ఆయన్ని ఆడిపోసుకుంది. నేను మాత్రం ఒక్కనాడూ పల్లెత్తు మాటనలేదండీ. ఆ గాలివానలో ఆయనా నీళ్లలోనే ఉన్నాడు కదా." పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఇది అచ్చేసినాయన ఎవరండీ? ఒక్కసారి దణ్ణం పెట్టుకుని పోతాను."

"సాయిబాబూ! ఇలా రావయ్యా!"

సాయిబాబు చెయ్యి తలుపు దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. వెనక్కొచ్చి మిషన్ స్విచ్చి నొక్కింది. గదంతా దడదడలాడింది.

"ఆ మోతలో ఇక పిలిచినా వినపడదులే," అన్నారు నరసింహం గారు.

వెంకటరత్నమ్మ కట్టలోంచి ఒక కార్డు తీసింది. కొంగున ముడేసి తెచ్చిన పసుపు నాలుగంచులకూ రాసి, బల్ల మీద పెట్టింది.

"ఆయన్ని కూడా పెళ్లికి తప్పకుండా రమ్మన్నానని చెప్పండి బాబుగారూ."

తలుపు సందులోంచి, తాను కట్టిన పసుపుతాడు ఇంకా మెడలో ఉన్న తన భార్య ఆటో ఎక్కి వెళ్లిపోవడం నాంచారయ్య చూస్తూ నిలబడ్డాడు.