సొంతమనిషి సంతకం

తెల్లారకముందే పెంటపాడులో ఆటో ఎక్కాలి. తాడేపల్లిగూడెంలో పాసింజరు అందుకోవాలి. రాత్రి నుంచి తాగిన నీళ్ళు గ్లాసు దాటకూడదు. దుప్పటి తెచ్చుకోవాలి, మిషను మీద చలి పుడుతుంది. ఏలూరులో దిగి సెంటరుకి రాగానే బరువు చూపించుకోవాలి. పక్కన సొంతమనిషి ఉండాలి. ఆ మనిషి సంతకం పెట్టాలి.

ఆ శుక్రవారం సూర్యకాంతం అన్నీ చేసింది. చివరి రెండూ ఆమె చేతిలో లేవు.

“మాస్టారు వచ్చేస్తారు బాబూ. కాసేపాగండి,” అంది డయాలసిస్ సెంటరు బల్ల మీద కూర్చుని. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. రెండు మాటలకోసారి ఊపిరి వెతుక్కుంటోంది.

“ఇందాకట్నుంచీ ఆగుతూనే ఉన్నానండీ,” అన్నాడు కొత్తగా చేరిన టెక్నీషియన్ వరదానం. “ఈ బెడ్ కోసం కైకలూరు ఆయన బయట కూర్చున్నారు. పోయిన నెల ఒకాయన ఒంటరిగా వచ్చి, మిషను మీదే బీపీ పడిపోయి స్పృహ తప్పాడు. అప్పట్నుంచి సొంతవాళ్ళు లేకుండా ఎక్కించొద్దన్నారు. నా ఉద్యోగం పోద్దండీ.”

పక్కనున్న అఖిల లేచింది. “నేను పెడతానండీ సంతకం.”

“మీరు ఈవిడకేమవుతారు?”

అఖిల ఏమీ కాదు. ఆమె ఎం.ఏ. సోషియాలజీ విద్యార్థిని. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. కుటుంబ జీవితం, ఆరోగ్యం మీద ప్రాజెక్టు కోసం కొన్ని వారాలుగా ఇక్కడికి వస్తోంది. అందులో ఆదర్శ కుటుంబంగా ఆమె ఎంచుకున్నది సూర్యకాంతాన్నీ, అనంతరామయ్య మాస్టారినీ.

కుటుంబం ఒక శరీరం లాంటిదని ప్రకార్యవాదమనే సిద్ధాంతం చెబుతుంది. ఒక అవయవం పాడైతే దాని పని మిగతావి అందుకుంటాయి. మాస్టారి తమ్ముడు ఈ పక్క బెడ్ మీదే వైద్యం చేయించుకుంటూ చనిపోయాడు. అయినా మాస్టారు మంగళవారం, శుక్రవారం ఈ మెట్లెక్కడం మానలేదు. ఒకే కుటుంబంలో ఇద్దరు రోగులు, ఒక్కడే మోసేవాడు అని రాసుకుంది అఖిల.

ఆయన ఈమెను ‘మీరు’ అనేవారు. భార్యను గౌరవించే భర్తను అఖిల తన ఇంట్లో చూడలేదు. ఒక్క పిలుపులో ఎంత సమానత్వం ఉందో ఒక పేజీ రాసింది.

ఆయన తన టిఫిను డబ్బా తాను తెచ్చుకునేవారు. ఈమె డబ్బాలో కొర్రమీను ముక్క కనిపిస్తే కుర్చీ కాస్త అటు జరుపుకునేవారు. “నా చేపకీ మీకూ ఏం పగండీ మాస్టారూ!” అని నవ్వేది సూర్యకాంతం. కులాంతర వివాహం, ఆ రోజుల్లోనే!

“మీది లవ్ మ్యారేజా పిన్నిగారూ?” అని అడిగేసింది ఒకరోజు.

సూర్యకాంతం దగ్గు వచ్చేదాకా నవ్వింది. “ఈ వయసులో ఏం అడుగుతావే తల్లీ!”

అఖిల అవునని రాసుకుంది.

ఒక్కటే అంతు పట్టలేదు. కొత్త నర్సు ఎవరొచ్చినా ‘మీరేమవుతారండీ’ అని అడిగేది. “భర్తనమ్మా” అనేవారు మాస్టారు. వెంటనే కళ్ళు మూసుకుని “శివశివా” అనుకునేవారు. భార్య బాధ చూడలేక కాబోలు.

అలాంటి మనిషి ఇవాళ రాలేదు. ఫోను స్విచ్చాఫ్.

“పొద్దున్న మీతో బయల్దేరలేదా?” అంది అఖిల.

“మాస్టారు ఏలూరులోనే ఉంటారమ్మా, ట్యూషన్లు చెప్పుకుంటూ. నేను పొలం దగ్గర.”

“ఇంకెవరూ లేరా? పిల్లలు?”

సూర్యకాంతం తల అడ్డంగా ఊపింది.

అఖిలకు ఒళ్ళు మండింది. “భర్త అన్నాక బాధ్యత ఉండొద్దా పిన్నిగారూ? ఇది మానేస్తే మళ్ళీ మంగళవారందాకా మీరు...”

“ఆయన్నేమీ అనకు.” సూర్యకాంతం గోడకు జారగిలబడింది. పెదాలు నల్లబడుతున్నాయి. “ఆయనకేం బాధ్యతమ్మా, పాపం.”

నలిగిపోతూ కూడా మగవాణ్ణి వెనకేసుకొచ్చే ఆడది. సంఘర్షణ సిద్ధాంతంలో ఇదే ఉంది. కానీ ఏ సిద్ధాంతంలోనూ సంతకం పెట్టే చెయ్యి లేదు.

“అన్నా, మీ చెల్లెలనుకోండి,” అఖిల వరదానం చేతులు పట్టుకుంది. “ఏదో ఒకటి రాసుకోండి. మనిషి పోతుంది.”

వరదానం ఇద్దరి వంకా చూడలేకపోయాడు. తలుపు తీసి కైకలూరు ఆయన్ని పిలిచాడు.

ఆయన్ని పక్కకు తప్పించుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. నలిగిన నేత చీర, చెదిరిన జుట్టు, పెద్ద బొట్టు. దారి తెలిసినట్టే నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

“సూర్యకాంతమ్మ మీరేనా?”

“ఏవండీ, మీరేమవుతారు?” అన్నాడు వరదానం.

“అక్కని. సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ?” అని, కళ్ళు మూసుకుంది. “శివశివా.”

కాసేపటికి మిషను తిరిగింది. గొట్టాల్లో ఎర్రగా కదలిక మొదలైంది. సూర్యకాంతం కళ్ళు తెరిచి, ఎవరో పోల్చుకోలేక చూసింది. అఖిల కూడా చూసింది. అక్క ఉన్నట్టు ఈమె ఎప్పుడూ చెప్పలేదే!

వచ్చినావిడ బెడ్ మీదకు వంగి సూర్యకాంతం చెయ్యి పట్టుకుంది.

“నేను అనంతరామయ్య మాస్టారి భార్యనమ్మా, బుధవారం పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది, పొద్దున్నుంచి నా చెయ్యి వదలకుండా కూడబలుక్కున్న ముక్కలు మూడే: శుక్రవారం, సూర్యకాంతమ్మ, మరిచిపోకు.”