పేరమ్మ పొగరు

“దమ్ముంటే కిందికి దిగిరా! ఏసీలో కూర్చుని మాట్లాడటం కాదు!”

ఇంటర్‌కమ్‌లో ఆ మాట విని వేణుగోపాల్‌కి నిద్రమత్తు వదిలిపోయింది. అరుస్తున్నది వాచ్‌మన్ పెళ్ళాం పేరమ్మ. వింటున్నది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు. టైము మధ్యాహ్నం మూడు.

“ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?”

“ఎందుకు తెలీదు? మా ఆయన్ని ఒరేయ్ అని పిలిచే మనిషితో. దిగిరా, తేల్చుకుందాం. మీ ఆవిణ్ణీ పిల్లల్నీ కూడా తీసుకురా. నీ బతుకేంటో వాళ్ళూ వినాలి!”

టక్కున పెట్టేసింది.

కోపం రాదా మరి? చెప్పులైనా వేసుకోకుండా నాలుగో అంతస్తు నుంచి బయల్దేరాడు వేణుగోపాల్. వెనకే భార్యా పిల్లలూ. లిఫ్టు ఎంత నొక్కినా రాలేదు. మెట్ల మీద చూస్తే పైవాళ్ళూ కిందవాళ్ళూ అందరూ ఊగిపోతూ దిగుతున్నారు.

“నన్ను పాలప్యాకెట్ల దొంగ అందండీ!” రెండో అంతస్తు సాయిలక్ష్మి చంకలో పిల్లాడితో ఏడుపు గొంతుతో అంది.

“మా అమ్మని గయ్యాళిది అంది!” ఇంకెవరో పళ్ళు కొరికారు.

మెట్ల మీద దగ్గులు. ఎవరూ పట్టించుకోలేదు. మిర్చి సీజన్లో గుంటూరులో దగ్గని వాడెవడు?

కింద దాని నిర్వాకం చూడాలి. లిఫ్టు తలుపుల మధ్య కుర్చీ అడ్డం పెట్టింది. అందరికీ ఫోన్లు చేయడం అయ్యాక మెయిన్ కూడా ఆపేసిందట, ఏప్రిల్ ఎండలో బిల్డింగంతటికీ ఫ్యాను తిరగడం లేదు. రెండు గేట్లూ బార్లా తెరిచేసింది. గేటుకి అడ్డంగా ఉండే స్కూటర్లన్నీ పక్కకి లాగి ఒకదాని మీద ఒకటి పడేసింది. అడిగేవాడు లేక ఎంత పొగరు పట్టింది చూడండి!

ఇంతా చేసి ఆ మహాతల్లి రోడ్డు అవతల, కొంగు నడుముకి బిగించి నిలబడి ఉంది. పక్కన నులకమంచం మీద కాలికి కట్టుతో దాని మొగుడు కోటిలింగం. తమాషా చూడ్డానికి మొగుణ్ణి కూడా తెచ్చుకుంది కాబోలు.

“ఇటు రండి! గేటు లోపల నేను మాట్లాడను. అందరూ ఇటు రావాల్సిందే!”

వచ్చారు. చుట్టూ మూగారు. మీదపడి కొట్టడం ఒక్కటే తక్కువ.

“ఆరేళ్ళుగా సెల్లార్లో గది ఇచ్చి పెట్టుకుంటే ఇదా నీ విశ్వాసం?” వేణుగోపాల్ వేలు చూపిస్తూ అరిచాడు. “సాయంత్రానికి ఆ గది ఖాళీ చెయ్యాలి!”

ఆ గది పోతే, నడవలేని మొగుణ్ణి పెట్టుకుని ఆమెకి ఈ ఊళ్ళో తలదాచుకునే చోటు లేదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. పేరమ్మకి ఇంకా బాగా తెలుసు. ఆమె మొహం పాలిపోయింది కానీ తల మాత్రం దించలేదు.

“చేస్తాలే. ముందు అందరినీ రానీ. ఒకటో అంతస్తు వచ్చారా? రెండు? మూడు? నాలుగు?” వేలు పెట్టి లెక్కపెడుతోంది.

“మాకే హాజరు వేస్తోందండీ!” సాయిలక్ష్మి మండిపడింది. “పోయిన నెల పిల్లాడికి దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, ఆ పొగకే కొంప అంటుకుందని నానా యాగీ చేసి మా పరువు తీసింది. ఆ రోజే తరిమేయాల్సింది.”

“అయిదో అంతస్తు హెడ్మాస్టరు గారేరీ? ఆయన రాకుండా నేను నోరు విప్పను.”

“ఆయన్ని కూడా తిట్టావా?” వేణుగోపాల్ నోరెళ్ళబెట్టాడు.

“తిట్టాను. దొంగ అన్నాను.”

రిటైర్డ్ హెడ్మాస్టరు హుస్సేన్ సాహెబ్ ఈ బిల్డింగులో పేరమ్మని ‘అమ్మా’ అని పిలిచే ఒకే ఒక్క మనిషి. అటువంటి పెద్దమనిషిని దొంగ అనడానికి నోరెలా వచ్చిందో! పక్కింటి ఇషాక్ భుజం ఆసరాగా పట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, దగ్గుకుంటూ ఆయన గేటు దాటి వచ్చేసరికి అందరి కళ్ళూ నిప్పులు చెరిగాయి.

“పేరమ్మా, నేనేం దొంగిలించానమ్మా?” అడిగాడాయన, రొప్పుతూ.

అంతసేపూ గొంతు చించుకున్న పేరమ్మ చేతులు జోడించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏమీ లేదు మాస్టారూ. అబద్ధం చెప్పాను. కాళ్ళు పట్టుకుంటాను, క్షమించండి.”

“విన్నారా! అబద్ధమట!” జనం ఒక్కసారిగా భగ్గుమన్నారు.

పేరమ్మ వాళ్ళని పట్టించుకోలేదు. గిరుక్కున వేణుగోపాల్ వైపు తిరిగింది. “అయ్యా, మూడొందల రెండులో మనుషులున్నారా? ఒట్టేసి చెప్పండి.”

“తాళం వేసిన కొంపలో మనుషులెందుకుంటారు? అది నా ఫ్లాటు, నా మిరపకాయల బస్తాలు పెట్టుకున్నాను. నీకెందుకే?”

“ఒక్కళ్ళు కూడా లేరుగా?”

“లేరు! నోరు మూసుకుని ఇప్పుడే సామాన్లు సర్దుకో. సాయంత్రం దాకా కూడా వద్దు.”

“సరే బాబూ” అంది పేరమ్మ, మొదటిసారి నెమ్మదిగా. రొంటిన దోపుకున్న సెల్‌ఫోను మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“అందరూ దిగారు సార్, మంటలు మూడో అంతస్తులో.”