అడుగు గడి రంగు

“ఈ నియమంలో చిక్కేమీ లేదండి. మీరే గోరంతను కొండంత చేశారు,” అన్నాడు ప్రొఫెసర్ సిద్ధాంతాన్ని తూచడానికి వచ్చిన పరీక్షకుడు, తెర మీది గళ్ల బొమ్మను చూపిస్తూ.

ప్రొఫెసర్ మొహం మాడిపోయింది. వరుసగా నల్ల గళ్లు, తెల్ల గళ్లు. ప్రతి గడీ తన రంగునూ అటూ ఇటూ ఉన్నవాటి రంగులనూ చూసుకుని, కింది వరుసలో తన రంగు తేల్చుకుంటుంది. అలా వరుసకు రెండేసి గళ్లు తగ్గుతూ దిగితే, చివర మిగిలే అట్టడుగు గడి నలుపా, తెలుపా? చూడ్డానికి పిల్లల ఆట. ఆయన జుట్టు దాని మీదే నెరిసింది.

“అయితే పరీక్ష పెడదాం. పై వరుసలో సగం ఒకరికిస్తాను, సగం ఇంకొకరికి. వేరు వేరు గదుల్లో కూర్చుని, కంప్యూటర్లో కబుర్లు పంపుకుంటూ అడుగు గడి రంగు చెప్పాలి. రెండు ముక్కల్లో తేలిపోతే మీరన్నట్టే తేలిక నియమం. ఎంతకీ తెగకపోతే?”

“మీ సిద్ధాంతం మీద సంతకం పెట్టేస్తాను.”

ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్న మొగుడూ పెళ్లాలు చెరో గదిలోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు. బయట తెర మీద ఎన్ని కబుర్లు నడిచాయో అంకె కనిపిస్తుంది. కబురేమిటో కనిపించదు.

అంకె కదిలింది.

“ఇంకొక్కటి, అంతే,” అన్నాడు పరీక్షకుడు.

అంకె పది దాటింది, యాభై దాటింది. టీ వచ్చింది, చల్లారింది. రెండు గదుల్లోనూ కీబోర్డులు రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగుతున్నాయి.

“పిల్లలు చురుకైనవాళ్లేనా?”

“ఇద్దరికీ బంగారు పతకాలున్నాయండి.”

అంకె మూడొందలకు చేరేసరికి పరీక్షకుడు కలం తీశాడు. “ఒప్పుకున్నాను. ఇద్దరు తెలివైనవాళ్లు ఇంత మాట్లాడుకున్నా తెగలేదంటే ఇది మామూలు నియమం కాదు.”

సంతకం పడింది. ప్రొఫెసర్ కళ్లు చెమర్చాయి.

అంతలో ఒక గది తలుపు తెరుచుకుని భర్త మెట్ల వైపు పరిగెత్తాడు. రెండో గదిలోంచి భార్య బ్యాగు భుజాన వేసుకుంటూ వచ్చింది.

“ఏమ్మా, రంగు తేలిందా?”

“రంగు దాకా ఇంకా రాలేదు సార్. పొద్దున ఇంటికి తాళం వేసింది నేనని ఆయన, ఆయనేనని నేను... ఇప్పటికి తేలింది, ఇద్దరం వెయ్యలేదు.”