మాగ్నెట్ ఉల్టా చేస్తే

"అది స్పిన్ కరెంట్ కాదు స్నేహా, ఉత్త వేడిది," అన్నాడు సంపత్, ల్యాబులోకి అడుగు పెడుతూనే.

స్నేహలతే పిలిచింది. ఆమె అతని జూనియర్. అణువంత మందమున్న పొరకు ఒక కొసన వేడి తగిలించి, ఎలక్ట్రాన్ల స్పిన్‌తో కరెంటు పుట్టించింది. అతను ఏళ్లుగా వెతుకుతున్నదీ అదే. హన్మకొండ కాలేజీ అంతా ఆమెకు స్వీట్లు తినిపిస్తుంటే అతని కడుపు మండిపోతోంది.

"మాగ్నెట్ ఉల్టా చేస్త చూడు. స్పిన్‌దైతే ప్లస్సు మైనస్ అయితది. వేడిదైతే గట్లనే ఉంటది."

"చెయ్యన్నా."

గట్లనే ఉంటే మేడారం అమ్మవార్లకు నిలువెత్తు బెల్లం ఇస్తానని మనసులో మొక్కుకుని, తిప్పాడు.

స్క్రీను మీద గీత సున్నా దాటి కిందికి దిగి, మైనస్‌లో నిలబడింది. మళ్లీ తిప్పాడు. పైకి లేచింది.

"నిజమే," అన్నాడు. "ఇగ పేపర్ రాస్కో."

"నీ పేరు గూడ పెడ్తాన్న."

"నాదెందుకు? నేను తప్పు దొరకాలె అని చూసిన."

"ఎర్కే. అందరు సూపర్ అంటాన్రు. నేను చూస్తే నాకు నచ్చిందే కనబడ్తది. నీ అంత కుళ్లుతోని ఎవరు చూస్తరన్నా? గందుకే నిన్ను పిలిచిన."