మూడు నీళ్ళ మాంసం

"నూట డెబ్భై ఎనిమిది," అంది నర్సు, లవీనా చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ. "పోయినసారి కంటే నాలుగు ఎక్కువ."

"మళ్ళీ చూడమ్మా. మెట్లెక్కి వచ్చాను."

"రెండుసార్లు చూశాను అమ్మమ్మా. మన ఆస్పత్రికి మెట్లెక్కడున్నాయి?"

పక్క కుర్చీలో కూర్చున్న చెల్లెలు ఆర్డిస్ కిసుక్కున నవ్వింది. కూతురు షాంటెల్ మాత్రం గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ ఉండిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళకే ఆ పిల్లకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డెబ్భై మైళ్ళు పోయి డయాలసిస్ చేయించుకుని, పిండేసిన గుడ్డలా ఇంటికొస్తుంది. తల్లి కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. తల్లి రక్తపోటు దిగితే చాలు, ఆపరేషన్ చేస్తామన్నారు. అది దిగి చావడం లేదు.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఒక్క పూట మానలేదు."

"తిండి?"

"బైసన్ దున్న మాంసం పులుసే."

"బైసన్ మంచిదే. కొవ్వుండదు, రక్తం పడుతుంది. మీ ఇద్దరికీ అంతకు మించిన బలం లేదు. కానీ మీ ఇంట్లోది ఉప్పు పట్టించి ఎండేసిందిగా?"

"మన తెగ మంద నుంచి పచ్చిది వచ్చేది ఆకు రాలే కాలంలో. ఇప్పుడెక్కణ్ణుంచి తేను? కొట్లో డబ్బా మాంసం కొనమంటావా? అందులో ఇంతకు రెట్టింపు ఉప్పు." లవీనా కూతురి వైపు చెయ్యి చూపించింది. "ఉప్పు పోయేలా మూడు నీళ్ళు మార్చి వండుతాం. రాత్రి ఒకటి, పొద్దున ఒకటి, పొయ్యి మీద పెట్టే ముందు ఒకటి. వండేది నా కూతురే, అడుగు."

"మూడు నీళ్ళు," అంది షాంటెల్.

"మరి ఈ ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎండుమాంసం డబ్బా మూత తీసి చాటుగా నములుతున్నావా?"

"చిన్నప్పట్నుంచీ అదే బుద్ధి," అంది ఆర్డిస్. "ఆరేసిన తాడు మీంచే లాక్కు తినేది. దెబ్బలు మాత్రం నాకు పడేవి."

నర్సుకు నవ్వు రాలేదు. తిండి నియమాల కాగితం ఒకటి షాంటెల్ చేతికిచ్చి, ఫైలు మూసింది. "మూడుసార్లు గడువిచ్చారు అమ్మమ్మా. ఇక దాతల జాబితాలోంచి నీ పేరు తీసేస్తారు."

తిరుగు దారిలో కారు ఆర్డిస్ నడిపింది. తనకు షుగరు కాబట్టి ఆవిడనెవరూ కిడ్నీ అడగలేదు. అడగని వాళ్ళకు నోరు ఎక్కువ.

"భయమైతే మొదట్లోనే చెప్పాల్సింది అక్కా. ఇస్తానిస్తానని ఊరంతా చాటావు."

"నాకు భయమేంటే?"

"కత్తంటే ఎవరికైనా భయమే. దానికి ఉప్పు తిని అడ్డం పెట్టుకోవడం ఎందుకంటున్నా."

"నేను తినలేదు."

"మరి నూట డెబ్భై ఎనిమిది ఎవరిది, నాదా?"

లవీనాకు జ్వరం వచ్చి నోటికి రుచి పోయి రెండేళ్ళయింది. కాఫీ అయినా పులుసైనా ఆమెకు వేడినీళ్ళతో సమానం. వేళ్ళు వంకర్లు తిరిగి కత్తి పట్టడమూ మానేసింది. ఒకప్పుడు తొడ మాంసాన్ని ఎక్కడా తెగకుండా కాగితమంత పలచగా పరిచేది. ఇప్పుడు కూతురు పెట్టింది తిని, తల్లి పోయి తమ దగ్గరే పెరుగుతున్న చిన్నకూతురి ఆడపిల్లలిద్దరినీ బడి బస్సు ఎక్కించి రావడమే ఆమె పని.

కిడ్నీ మాట వసంతంలో తనే ఎత్తింది. షాంటెల్ ఆ రోజు ఒకే ఒక్క మాట అడిగింది. "ఆ ఆపరేషన్ బల్ల మీద మనిద్దరికీ ఏమైనా అయితే పిల్లలెవరి పాలవుతారమ్మా? నీ చిన్నప్పుడు సర్కారు వాళ్ళు నీ తమ్ముళ్ళను తీసుకుపోయినట్టు వీళ్ళనూ ఏ ఊరుకాని ఊళ్ళోనో పరాయి వాళ్ళింట్లో పడేస్తారు." ఏమీ కాదంది లవీనా. నా ఒంట్లో ఉన్నవి రెండు, ఒకటి నీదేనంది. షాంటెల్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒప్పుకుందనుకుని లవీనా సంతోషించింది.

ఇంటికొచ్చాక పొయ్యి మీద రెండు గిన్నెలు వేడెక్కాయి. షాంటెల్‌కు దుంపలు పడవు కాబట్టి ఆమెది వేరే గిన్నె. తల్లి గిన్నెలో ఎండు దుంపలూ మొక్కజొన్నలూ పడతాయి. మాంసం మాత్రం రెండింట్లోనూ ఒకటే.

లవీనా చెంచా ఎత్తి, మళ్ళీ దించేసింది.

"నిద్రలో లేచి తింటున్నానేమోనే. ముసలిదాన్ని, ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదేమో."

"తిను అమ్మా, చల్లారిపోతుంది."

"నువ్వు చెప్పు. నేను పిరికిదాన్నా?"

షాంటెల్ తన చెల్లెలి పిల్లలకు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. "పోనీలే. పేరు తీసేస్తారటగా. ఇక దాని గురించి ఆలోచించకు."

ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది లవీనాకు. కన్నకూతురే నమ్మలేదు. ఆమె ఏడుస్తూనే పులుసంతా తాగేసింది. ఆర్డిస్ అది చూసి, ఇక ఏమీ అనకుండా తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది.

పెరట్లో పిల్లలు అమ్మమ్మను ఉయ్యాల ఊపమని పిలుస్తున్నారు. ఆమె ముఖం తుడుచుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. షాంటెల్ కిటికీలోంచి ఆ ముగ్గురినీ చాలాసేపు చూసింది. నర్సు ఇచ్చిన కాగితం మడిచి చెత్తబుట్టలో పడేసి, రేపటి వంటకు ఎండుమాంసం డబ్బా మూత తీసింది.

తన ముక్కలను నీళ్ళలో వేసి, తల్లి ముక్కలను ఎప్పటిలాగే నానబెట్టకుండా ఉప్పుతోనే గిన్నెలో పడేసింది.