ముఖం లేని పాప

"ఈ గదిలోకి వచ్చేముందు ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి, ప్లీజ్," అంది గైడ్. "ఇక్కడ చాలామంది ఏడుస్తారు."

మీనా ఫోన్ సైలెంట్‌లో పెట్టింది. ఏడవడానికి మాత్రం రాలేదు.

జెర్సీ సిటీలో నది ఒడ్డున కొత్తగా కట్టిన గ్యాలరీ అది. గోడల నిండా డువార్తె సెరోడియో బొమ్మలు. పోర్చుగల్ నుంచి వచ్చి అమెరికాలో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. ఒకప్పుడు మీనా భర్త.

నైనిక ఆర్ట్ స్కూల్లో చివరి సంవత్సరం. అతన్ని ఒక్కసారైనా దగ్గర్నుంచి చూడాలని పట్టుబట్టి, మీనాని ట్రాయ్ నుంచి ఇంత దూరం లాక్కొచ్చింది ఆ అమ్మాయే. దారంతా డ్రైవ్ చేసింది కూడా తనే.

"ఎదురుపడితే ఏం అడుగుతావ్?" అంది మీనా కారులో.

"ఏం అడగను. సైన్ చేయించుకుంటా, అంతే."

మొదటి గదిలో పోర్చుగల్ బొమ్మలు. ఎర్రపెంకుల ఇళ్ళు, ట్రాములు, చేపలు అమ్మే ఆడవాళ్ళు. గీసిన రోజుల్లో వాటిని ఎవరూ కొనలేదు. ఈ ఊళ్ళోనే, వాళ్ళ అపార్ట్‌మెంట్ హాల్లో, గోడకి ఆనించి పడి ఉండేవి. మీనా రోజూ మాన్‌హాటన్ ఆఫీసు నుంచి ట్రైన్ దిగి వచ్చి, వాటికి కాలు తగలకుండా ఒద్దికగా వంటింట్లోకి నడిచేది.

ఈ రెండో గది వేరు. 'మెనీనా' అని రాసుంది గుమ్మం మీద. వాళ్ళ భాషలో చిన్నపిల్ల అని అర్థం. ఖాళీ మంచం. ఖాళీ ఉయ్యాల. పసుపు రెయిన్‌కోటు వేసుకుని, వెనక్కి తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డ నాలుగేళ్ళ పాప.

"సెరోడియో తన ఒక్కగానొక్క కూతుర్ని పోగొట్టుకున్నారు," గైడ్ గొంతు తగ్గించింది. "ఆ దెబ్బకి కాపురం కూడా నిలవలేదు. ఆ శోకంలోంచి పుట్టినవే ఈ బొమ్మలు. ప్రపంచం ఆయన్ని గుర్తించింది వీటితోనే."

ముందు పోయింది కాపురం. తర్వాతే మిగతాది. మీనా ఉద్యోగం ట్రాయ్‌కి మారినప్పుడు అతను రానన్నాడు. అక్కడి వెలుతురు బొమ్మలకి పనికిరాదట. గైడ్‌ని సరిదిద్దాలనిపించింది మీనాకి.

రెయిన్‌కోటు కూడా పసుపుది కాదు. ఆకుపచ్చది. కొన్నది మీనాయే.

"పాప ముఖం ఒక్క బొమ్మలోనూ లేదేంటి?" నైనిక అడిగింది.

"ఆ ముఖం గీసే ధైర్యం తనకింకా రాలేదని ఆయనే చెప్పారు," అంది గైడ్.

"గుర్తుంటే కదా," అంది మీనా తెలుగులో.

పక్కనున్న తెల్ల ముసలావిడ అదేదో ప్రార్థన అనుకుంది. కళ్ళు తుడుచుకుంటూ మీనా చెయ్యి పట్టుకుని నొక్కింది.

"ఐ లాస్ట్ హర్." మొదటి ఇంటర్వ్యూలో అతనన్నది ఆ ఒక్క ముక్కే. ఆ తర్వాత ఎవరడిగినా తల దించుకునేవాడు. మిగతాదంతా రాసేవాళ్ళే రాసుకున్నారు. వెంటనే మ్యూజియంలు పిలిచాయి, అవార్డులు వచ్చాయి. అప్పట్లో ఒక విలేకరి మీనాకి ఫోన్ చేసింది. మీనా పెట్టేసింది. తను ఏదైనా మాట్లాడితే అతను మళ్ళీ వచ్చి తలుపు తడతాడేమోనని భయం.

అతను తట్టలేదు. ఒక్క పుట్టినరోజుకి కూడా ఫోన్ చేయలేదు.

హాల్లో మైకు సరిచేస్తున్న చప్పుడైంది. అందరూ అటు నడిచారు. అతను వేదిక మీదకి వచ్చాడు. జుట్టు నెరిసింది. నెరిసినా అందంగానే ఉంది.

"గీస్తున్నప్పుడు పాప వచ్చి నా పక్కన కూర్చుంటుంది," అన్నాడు మెల్లగా. "తనకి ఇప్పటికీ నాలుగేళ్ళే. ముసలివాణ్ణి అవుతున్నది నేనొక్కణ్ణే."

మైకు పక్కకి జరిపి కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నైనిక కొట్టలేదు. మీనా వంక చూసింది. మీనా నేల వంక చూసింది.

"వెళ్ళిపోదాం పద," అంది మీనా.

"ఇంత దూరం వచ్చాం కదా."

సంతకాల కోసం పెద్ద క్యూ. ఇద్దరూ నిలబడ్డారు. బల్ల దగ్గరికి వచ్చేసరికి అతను తలెత్తి మీనాని చూశాడు. పెదాల మీద నవ్వు అలాగే బిగుసుకుపోయింది. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. వెనకాల గ్యాలరీ డైరెక్టరు ఉంది. టీవీవాళ్ళ కెమెరా ఉంది. ఇందాక ఏడ్చిన జనమంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు.

"థాంక్స్ ఫర్ కమింగ్," అన్నాడు, ఎవరో దూరపు పరిచయస్థురాలితో అన్నట్టు.

నైనిక అతని బొమ్మల పుస్తకం తెరిచి ముందు పెట్టింది.

"పేరు?"

"నైనిక."

పెన్ను కాగితం మీద ఆగింది. అతను తలెత్తి ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు.

ఏదో ఒక మాట. మంచిదో చెడ్డదో, ఏదైనా ఒక్క మాట అంటాడని మీనా చూసింది.

కెమెరా ఇంకొంచెం దగ్గరికి జరిగింది. డైరెక్టరు వంగి అతని చెవిలో ఏదో చెప్పింది. అతను తల వంచాడు.

"స్పెల్లింగ్ చెప్పండి," అన్నాడు.

నైనిక ఒక్కో అక్షరమే నిదానంగా చెప్పింది. అతను రాశాడు. కింద సంతకం గీకి, పుస్తకం ఇటు తోశాడు.

"నెక్స్ట్, ప్లీజ్."

ఇద్దరూ పార్కింగ్‌కి వచ్చారు. నైనిక డ్రైవర్ సీట్లో కూర్చుంది గానీ కారు స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి ఎదుటి గోడ వంక చూసింది.

తర్వాత, చిన్నపిల్ల గొంతుతో అడిగింది:

"నాకీ పేరు పెట్టింది తనే అని చెప్పావ్ కదా, మరి స్పెల్లింగ్ ఎందుకు అడిగాడమ్మా, నాన్న?"